స్పాంజి ఉతికిన రోజు

భీమవరం

ప్రియమైన మీకు,

సముద్రంలో మీ గ్యాసు రిగ్గు మీద ఫోను అందదు కాబట్టి సరుకుల పడవకి ఈ ఉత్తరం ఇస్తున్నాను. కంగారు పడకండి. మామయ్యగారు పోయినప్పటినుంచి నోరు విప్పని అత్తయ్యగారు ఈరోజు మాట్లాడారు. నాతో కాదండీ, మీ ఉప్పునీళ్ల అక్వేరియంలో నారింజ చేపతో! "ఏవండీ, తిన్నారా?" అని అడిగారు. చేప తిన్నాక తనూ కూర్చుని కడుపునిండా అన్నం తిన్నారు. సంతోషించాలో భయపడాలో తెలియట్లేదు.

మీ తులసి

*

రిగ్గు నుంచి

ప్రియమైన తులసీ,

నమ్మలేకపోతున్నాను. అమ్మకి మతి చలించలేదు కదా? డాక్టరుకి చూపించు. ఆ చేపని మాత్రం ఎలాగైనా బతికించు. ఫిల్టరు స్పాంజిని వారానికోసారి పిండు, అదీ అక్వేరియంలోంచి తోడిన నీళ్లలోనే. దానికి పట్టిన గోధుమరంగు జిగురు చూసి అసహ్యించుకోకు. చేపల మురుగుని విరిచే మంచి సూక్ష్మజీవులు ఉండేది అందులోనే. అవి చస్తే చేపలకి విషమైన అమ్మోనియా పెరుగుతుంది. రొయ్యల చెరువుల ఊళ్లో ఉన్నదానివి, అదేంటో నీకు చెప్పక్కర్లేదు.

నీ జానకిరామ్

*

భీమవరం

ఏమండీ,

ఘోరం జరిగిపోయింది. నేను తణుకులో మా అమ్మ దగ్గర ఉండగా, మాసికం ముందు అత్తయ్యగారు ఇల్లంతా కడిగారట. పీటలు, గిన్నెలతోపాటు స్పాంజినీ తీసి, బ్లీచింగ్ నీళ్లలో నానబెట్టి, ఎండలో ఆరేసి మళ్లీ పెట్టారట. "మైల ఉండకూడదు కదే" అన్నారు. అక్వేరియం నీళ్లు సీసాలో పట్టుకుని, రొయ్యల చెరువుల నీళ్లు పరీక్షించే ల్యాబుకి పరిగెత్తాను. అమ్మోనియా విపరీతంగా ఉందన్నారు. తిరిగొచ్చేసరికి నారింజ చేప పైకి తేలి ఉంది. దానికి జబ్బు చేసిందని, దుకాణంలో ఇచ్చానని అత్తయ్యగారితో అబద్ధమాడాను. ఆవిడ మళ్లీ అన్నం మానేశారు.

మీ తులసి

*

రిగ్గు నుంచి

ప్రియమైన తులసీ,

చేప తన చేతులతోనే పోయిందని తెలిస్తే అమ్మ తట్టుకోలేదు, చెప్పకు. విశాఖలో సురేష్‌బాబు దుకాణంలో అచ్చం అలాంటి చేపే దొరుకుతుంది. అతని అక్వేరియంలో వాడుతున్న, జిగురు పట్టిన పాత స్పాంజి ఒకటి అడిగి తెచ్చుకో. నీళ్లు మార్చి, ఆ స్పాంజి పెట్టి, నీళ్లు మళ్లీ పరీక్ష చేయించాకే చేపని వదులు.

నీ జానకిరామ్

*

భీమవరం

ప్రియమైన మీకు,

అన్నీ మీరు చెప్పినట్టే చేశాను. అత్తయ్యగారు కొత్త చేపని చాలాసేపు చూసి, "ఇది అది కాదే" అన్నారు. జబ్బు చేసి చిక్కిందని బుకాయించబోయాను.

"ఊరుకోవే. స్పాంజి ఉతికినప్పటినుంచే అది రొప్పడం మొదలెట్టింది, నాకు కళ్లు లేవా? చేప మీ మామయ్య కాదనీ నాకు తెలుసు. ఇన్నేళ్లూ 'తిన్నారా' అని ఆయన్ని అడక్కుండా నేను తినలేదు. ఆ మాట ఎవరినో ఒకర్ని అడక్కపోతే నాకు ముద్ద దిగలేదే" అన్నారు. అని, బావురుమన్నారు. మామయ్యగారు పోయాక ఆవిడ ఏడవడం ఇదే మొదటిసారి. నేనూ పట్టుకుని ఏడ్చాను.

డాక్టరు అక్కర్లేదండీ. తేరుకున్నాక ఆవిడ అడిగింది మీ గురించే. "వాడు కర్మంతా పద్ధతిగా చేశాడు. పదోరోజు కూడా పందిరివాడితో, వంటవాళ్లతో మాట్లాడుతూనే తిరిగాడు. వాడి కంట తడి చూడలేదే నేను. నాకేమైందోనని మీరు భయపడుతున్నారు గానీ, తండ్రి పోయాడని వాడికింకా తెలీలేదు. రమ్మను" అన్నారు.

నిజమే కదండీ, మీరు స్పాంజి గురించి ఇంత రాశారు, మామయ్యగారి మాట ఒక్కటీ రాయలేదు. సెలవు పెట్టి వచ్చేయండి. మీ అమ్మగారూ నేనూ ఉన్నాం.

మీ తులసి