గూట్లో పెట్టిన సీసా

నగరి,
17 ఆగస్టు 2025, ఆదివారం.

చిరంజీవి నందితకు,

నాయన ఆశీస్సులు. ఇక్కడ నేనూ మీ అమ్మా క్షేమం. ఆ ఒక్క మాట రాయడానికి రెండు నెలలుగా ఆస్పత్రుల్లో ఎన్ని గదుల ముందు కూర్చున్నానో నీకు తెలుసు. నువ్వు వేళకు తింటున్నావా? మొన్న ఫోనులో నీ గొంతు బాగా లేదు. నువ్వు నాయనా అనగానే నా కోపం నిలవదు, అందుకే ఫోను చెయ్యకుండా రాస్తున్నాను. మీ ల్యాబ్ తరఫున సీసాలు పోగుచేసే భానుచందర్ రేపు తిరుపతికి వస్తున్నాడు. అతని చేతికి ఇస్తాను.

అమ్మా, నేను అలసిపోయాను. అది ముందు చెప్పాలి.

మే నెలలో నువ్వు వచ్చి, మన వీధిలో నూలుకు రంగులేసే మగవాళ్ళందరి పేర్లూ రాసుకుని, తలా ఒక సీసా ఇచ్చి మూత్రం పట్టిమ్మన్నావు. కొందరు నవ్వారు. నేను నవ్వలేదు. సుబ్బన్నా నేనూ ఇరవై ఏళ్ళు ఒకే తొట్టి దగ్గర రంగులేశాం. వాడు మూత్రంలో రక్తం చూసుకునేసరికే కేన్సర్ ముదిరిపోయింది. వెంట్రుక మందంలో వెయ్యో వంతు కూడా లేని బంగారు నలుసులు మీ పరీక్ష నీళ్ళలో ఉంటాయని, కేన్సర్ విడిచిన ఆనవాలు తగిలితే అవి రంగు మారతాయని నువ్వు చెప్పావు. రంగు పట్టడం, పట్టకపోవడం నా పనే కదా, వెంటనే అర్థమైంది. నొప్పి తెలియకముందే పట్టుకుంటామన్నావు. ఆ రోజు గర్వపడ్డాను కూడా.

జూన్‌లో నా సీసా ఒక్కటే రంగు మారింది. ముప్పై ఏళ్ళు రంగుల్లో ఉన్నవాణ్ణని డాక్టర్లు ఆలస్యం చెయ్యలేదు. రెండుసార్లు స్కానింగ్ తీశారు, ఒకసారి చెప్పుకోలేని చోట గొట్టం వేసి చూశారు. మూడు రోజులు మంటకు భయపడి మంచినీళ్ళు కూడా తాగలేదు. చివరికి ఏమీ లేదన్నారు. పెద్ద డాక్టరు, "ఏమప్పా, లోపలంతా కుర్రోళ్ళ మాదిరి శుభ్రంగా ఉండాది గదా, ఎవురు పంపినారు నిన్ను?" అని అడిగాడు. నా కూతురని చెప్పలేకపోయాను.

రంగుల షెడ్డులో వాళ్ళు ఊరుకుంటారా? "అన్నా, నీ కూతురి పరీక్ష ముందు నిన్నే బెదరగొట్టె గదా" అని ధనుంజయ వేళాకోళం. రెండో విడత సీసాలను ఎవరూ ముట్టుకోలేదు. నేను ఆస్పత్రికి తిరిగిన రోజుల్లో మీ అమ్మే నా పని కూడా చేసింది. రంగేసిన నూలు ఉతికి ఆరెయ్యడం ఎప్పుడూ ఆమె పనే, ఇప్పుడు తొట్టి దగ్గర కూడా నిలబడింది. మోచేతుల దాకా నీలం దిగింది.

నా ఒక్క సీసా వల్ల మీ మేడమ్ మొత్తం పరీక్షనే అనుమానిస్తోందని, ఇంకొక్కసారి ఇమ్మని బతిమాలావు. నేను ఇవ్వను తల్లీ. నా పేరు కొట్టెయ్. నీ పరీక్ష అబద్ధం చెప్పింది, ఒప్పుకుని వేరే పని చూసుకో. ఇంత చదివి నువ్వు మాట పడుతుంటే నాకు బాధగానే ఉంది. కానీ ఇంక ఓపిక లేదు.

ఒళ్ళు జాగ్రత్త.

ఇట్లు,
మీ నాయన
మునిరామయ్య

తా.క. ఉత్తరం అంటించే ముందు మీ అమ్మకు చదివి వినిపించడం అలవాటు కదా. నీ పరీక్ష అబద్ధం చెప్పిందన్న చోట ఆమె నూలు కండె చుట్టడం ఆపేసింది. "బిడ్డను అనొద్దు. అది నీ సీసా కాదు" అంది.

మీకు సీసా ఇవ్వాల్సిన రోజు తెల్లవారే నింపి గూట్లో పెట్టి షెడ్డుకు పోయాను. రంగుల మచ్చు నీళ్ళ సీసాలు పెట్టేదీ ఆ గూట్లోనే. చీటీ అంటించి ఉన్నా ఆమెకు చదువు రాదు. పాత పసుపు మచ్చు అనుకుని పారబోసి, కడిగి బోర్లించింది. భానుచందర్ వచ్చి అడిగాకే అది నా సీసా అని ఆమెకు తెలిసిందట. మన ఇంటి సీసాయే లేకపోతే నీకు మాట వస్తుందని, తనదే పట్టి ఇచ్చింది. "ఎవురిదైతే ఏమిలే అనుకుంటి. ఆస్పత్రిలో నీకేం లేదనంగానే దేవుడు కాపాడినాడనుకుంటి" అంది. "నాకు నొప్పేమీ లేదే" అని ఇప్పుడు నన్నే అడుగుతోంది.

ముప్పై ఏళ్ళుగా ఆ నూలు ఉతికింది ఆమె. మీ జాబితాలో ఆడవాళ్ళ పేర్లు లేవు. నాకూ తోచలేదు.

నొప్పి తెలియకముందే అన్నావు కదా, ఆ మాటే పట్టుకుని ఉన్నాను. ఈ ఉత్తరం భానుచందర్‌కు ఇవ్వను, నేనే తెస్తాను. రేపు ఆరు గంటల బస్సుకు ఇద్దరం వస్తున్నాం. నా పేరు కొట్టేసిన చోట చౌడమ్మ అని రాసి ఉంచు.