సీసపు పటాలం

విరుదునగర్,
9-2-1931

నా ప్రాణమైన చెల్లమ్మక్కకు,

తమ్ముడు అళగర్‌సామి నమస్కరించి రాసేది. తెలుగులో రాశానని ఆశ్చర్యపోకు. తాత మనిద్దరినీ కూర్చోబెట్టి ఇసుకలో దిద్దించిన ఈ అక్షరాలు ఇక్కడి పోస్టుమానుకు గానీ, బంగళా గుమాస్తాకు గానీ రావు. నువ్వొక్కదానివే చదవాలి. తలుపు వేసుకుని చదువు.

కోవిల్‌పట్టి అగ్గిపెట్టెల కంపెనీలో లేబుళ్ల మీద పులులు, నెమళ్లు గీసుకుంటున్న నన్ను ఇక్కడి పత్తి ప్రెస్సు మేనేజరు మెర్టన్ దొర పిలిపించుకున్నాడని నీకు తెలుసు. పని ఏమిటో చెప్పలేదు. చెబితే నవ్వుతావనుకున్నాను. బొమ్మలకు రంగులేసే పని అక్కా. వేలెడు పొడవున్న సీసపు సిపాయిలు. నూరేళ్ల పైచిలుకు కిందట నెపోలియన్ అనే ఫ్రాన్సు చక్రవర్తి చుట్టుపక్కల దేశాలన్నిటితో యుద్ధం చేశాడట. ఆ యుద్ధంలోని పటాలాలు, రెండు వైపులవీ, దొర దగ్గర ఆరువందల దాకా ఉన్నాయి. చాలవని వరండాలో పొయ్యి పెట్టి, సీసం కరిగించి, అచ్చుల్లో పోస్తాం. చల్లారాక అంచులు ఆకురాయితో గీకి తెల్లపూత పూస్తాను. ఫ్రెంచి వాళ్లకు నీలం కోటు, రొమ్ము మీద అడ్డంగా తెల్ల పట్టీలు. చక్రవర్తి సొంత కావలి దళానికి ఎలుగుబంటి తోలు టోపీలు. ఇంగ్లీషు వాళ్లకు ఎర్రకోటు. ఉడుత తోక వెంట్రుకల కుంచె తప్ప ఏదీ పనికిరాదు. అన్నిటికన్నా కష్టం కళ్లు. చుక్క వెంట్రుకవాసి పక్కకు పోయినా సిపాయి భయపడ్డట్టు కనిపిస్తాడు. అలాంటి వాణ్ణి దొర మళ్లీ సీసంలోకి విసిరేస్తాడు.

రంగు వేయడంతో అయిపోదు. భోజనాల గది పొడుగునా ఉన్న బల్ల మీద ఇసుక పోసి, గుట్టలు కట్టి, వాగులు గీసి వాటితో యుద్ధం ఆడతారు. నడక ఎంత దూరమో బద్దతో కొలవాలి. ఫిరంగి దెబ్బకు ఎందరు పడ్డారో పాచిక చెబుతుంది. దొరతో ఆడే ఇంకో తెల్లదొర మదురైకి బదిలీ అయ్యాక నన్ను కూర్చోబెట్టాడు. దొరకూ నాకూ పటాలంలో నేర్చిన హిందుస్తానీ వచ్చు కాబట్టి మాటకు ఇబ్బంది లేదు. ఫ్రెంచి పటాలం నాది. మొదట ఓడాను. తర్వాత తర్వాత గెలుస్తూ వచ్చాను. ఆట చివర పడిన బొమ్మలను వేళ్లతో ఊడ్చి పెట్టెలో పోస్తూ "మంచి పొద్దు గడిచింది" అంటాడు దొర.

అక్కా, ఇప్పుడు అసలు సంగతి. ఈ మెర్టన్ దొర ఎవరో నాకు మొదటిరోజే తెలిసింది. ఎడమ చెవి కొన లేదు. పెద్ద యుద్ధంలో మేం తురకలతో పోరాడిన చోట, బస్రాకు ఎగువన నది ఒడ్డున, మా కంపెనీ కెప్టెను ఈయనే. నన్ను గుర్తుపట్టలేదు. రెండువందల గడ్డాలలో నాదొక గడ్డం ఆయనకు.

గురుసామి బావ ఎలా పోయాడని నువ్వు అడిగినప్పుడు, శత్రువు గుండు రొమ్ములో తగిలి నొప్పి తెలియకుండా పోయాడని చెప్పాను. పదిహేనేళ్లుగా అదే నిజమని బతుకుతున్నావు. అది అబద్ధం.

ఆవేళ మిట్టమధ్యాహ్నం. ముందు చెట్టూ పుట్టా లేని బయలు, దాని అవతల తురకల మరతుపాకులు. మెర్టన్ విజిల్ ఊదాడు. యాభై అడుగులు పోయేసరికి మొదటి వరస మొత్తం, కోసిన జొన్నలాగా పడింది. నా పక్కవాడి దవడ ఎగిరి నా భుజం మీద పడింది. తోసేసి పరిగెత్తాను. బావ నాకు నాలుగడుగుల ముందు ఉన్నాడు. ఒక్కసారి కూర్చున్నాడు. పొట్ట పట్టుకుని కూర్చున్నాడు. వేళ్ల సందుల్లోంచి పేగులు జారుతున్నాయి.

"అళగా, నన్ని ఈడ ఇడిసిపెట్టొద్దురా. చెల్లమ్మ కాడికి ఎత్తకపోరా" అన్నాడు.

వీపు మీద ఎత్తుకున్నాను. ఆ నెత్తురు వెచ్చగా నా నడుము దాకా దిగింది. మా కందకం దగ్గరికి వచ్చాను. అక్కడ మెర్టన్ రివాల్వరు పట్టుకుని నిలబడి ఉన్నాడు. "దించు. ముందుకు పో" అన్నాడు. "ప్రాణం ఉంది సాహెబ్" అన్నాను. ఆయన నా భుజం మీదుగా చెయ్యి చాచి బావ తలలో కాల్చాడు. "ఇప్పుడు లేదు. పో" అన్నాడు.

నేను ఏం చేశానో తెలుసా? బావను నేలమీద పెట్టి, మెర్టనుకు సెల్యూట్ కొట్టాను. కొట్టి, మళ్లీ తురకల వైపు పరిగెత్తాను. ఆ సాయంత్రం ఆ తురకల కందకంలో చేతులెత్తిన ఇద్దరిని బయొనెట్టుతో పొడిచాను. కడుపులోనే పొడిచాను, ఒకడి తరవాత ఒకణ్ణి. ఆ సెల్యూట్ కొట్టిన చెయ్యితోనే ఇప్పుడు ఆయన బొమ్మలకు కళ్లు పెడుతున్నాను.

వచ్చే ఆదివారం మధ్యాహ్నం మళ్లీ ఆట ఉంది. ఆ రోజు వాణ్ణి చంపేస్తాను. నన్ను ఉరి తీస్తే ఎందుకు తీశారో నీకు తెలియాలనే ఈ ఉత్తరం. ఇన్నేళ్ల అబద్ధానికి క్షమించు.

నీ తమ్ముడు,
అళగర్‌సామి


విరుదునగర్ ఆసుపత్రి,
19-2-1931

అక్కా,

బతికే ఉన్నాను. తొడలో గుండు తీశారు. మెర్టన్ కూడా బతికే ఉన్నాడు, ఇదే ఆసుపత్రిలో, తెల్లవాళ్ల గదిలో. జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఆదివారం ముందుగా పోయి బల్ల నేనే సర్దాను. గుట్టలన్నీ చెరిపేశాను. బల్ల నిండా చదునైన ఇసుక. ఒక అంచున నది అని నీలం గుడ్డ పరిచాను. ఇంగ్లీషు వాళ్లను నది వైపు మూడు వరసలుగా నిలబెట్టి, ఎదురుగా సన్నటి ఇసుక కట్ట ఒకటి పోసి నా ఫ్రెంచి ఫిరంగులన్నిటినీ దాని వెనక పెట్టాను. దొర వచ్చి చూశాడు.

"ఇది నెపోలియన్ యుద్ధం కాదే?" అన్నాడు.

"ఏదో మీకే తెలియాలి సాహెబ్" అన్నాను.

చాలాసేపు చూశాడు. ముఖంలో రంగు మారింది. అయినా కూర్చున్నాడు అక్కా! కూర్చుని మొదటి వరసను ముందుకు జరిపాడు. నేను పాచిక వేశాను. వరసంతా పడింది. రెండో వరస జరిపాడు. అదీ పడింది. నుదుటిన చెమట పట్టింది కానీ చెయ్యి ఆగలేదు. మూడో వరస మీద చెయ్యి వేసినప్పుడు నా జేబులోంచి ఒక బొమ్మ తీసి బల్ల మీద పెట్టాను. రెండు బొమ్మలను కలిపి అతికించింది. ఒకడు ఒకణ్ణి వీపు మీద మోస్తున్నాడు. దాన్ని నది వైపు, వెనక్కి తిప్పి పెట్టాను.

దొర నన్ను అప్పుడు మొదటిసారిగా చూశాడు.

"నువ్వా" అన్నాడు. తర్వాత, "ఒకణ్ణి వెనక్కి రానిస్తే అందరూ వచ్చేవాళ్లు. ఈరోజు మళ్లీ అదే చెయ్యమన్నా చేస్తాను" అన్నాడు. చూపుడువేలితో ఆ బొమ్మను పక్కకు పడదోశాడు.

వరండాలో సీసం కాగుతోంది. ఇనప గరిటె నా చేతికి ఎలా వచ్చిందో చెప్పలేను. గరిటెడు సీసం ఆయన ముఖాన కొట్టాను. చెంపా, కన్నూ, మెడా. కాలిన వాసన గది నిండింది. ఆయన అరిచిన అరుపుకు బయట పని చేసే వాళ్లందరూ పారిపోయారు. అంత నొప్పిలోనూ సొరుగు లాగి రివాల్వరు తీశాడు. మొదటి గుండుకు బల్ల మీది సిపాయిలు చెల్లాచెదరయ్యారు. రెండోది నా తొడలో దిగింది. మీదపడి ఆయన మణికట్టును బల్ల అంచుకేసి కొట్టాను. ఎముక విరిగేదాకా కొట్టాను. రివాల్వరు లాక్కుని ఆయన నోట్లో పెట్టాను.

"నా బావ పేరు చెప్పు" అన్నాను.

తెలియదని తల ఊపాడు.

"గురుసామి. అను."

గొట్టం బయటికి తీశాను. కాలిన పెదవులతో "గురు... సామి" అన్నాడు. వేలు తుపాకి మీట మీదే ఉంది అక్కా. నొక్కడానికి ఏ అడ్డూ లేదు. కానీ వాడు చస్తే, బావ ఎలా పోయాడో తెలిసినవాణ్ణి ఈ లోకంలో నేనొక్కణ్ణే మిగులుతాను. నా మాట ఎవరు నమ్ముతారు? కోర్టులో బోనెక్కి వాడి నోటితో వాడు చెప్పాలి. రివాల్వరును కిటికీలోంచి పారేసి నేలమీద కూర్చున్నాను.

ఇక్కడే నేను మోసపోయాను. నిన్న ఇన్‌స్పెక్టరు వచ్చాడు. దొర ఇచ్చిన వాఙ్మూలం చదివి వినిపించాడు. సీసం పొరపాటున ఒలికిందట. రివాల్వరు తుడుస్తుంటే పేలిందట. అళగర్‌సామి తప్పేమీ లేదట! కోర్టు, గీర్టు అంటే బస్రా సంగతి బయటపడుతుంది కదా, అదీ వాడి భయం. "నీకి అదృష్టం బాగుండాది. చేవ్రాలు పెట్టు, ఇంటికి పో. పెట్టలేదంటే దొరను చంపబోయినావని పదేళ్లు లోపలే ఉండాలి" అన్నాడు ఇన్‌స్పెక్టరు. ఆయనా మనవాడే, మన మాటలోనే మెల్లగా చెప్పాడు. బుధవారం మళ్లీ వస్తాడు.

సంతకం పెడితే మళ్లీ సెల్యూట్ కొట్టినట్టే. పెట్టకపోతే జైలు. నాకు జైలంటే భయంగా ఉందక్కా. నిజం చెబుతున్నాను. నన్ను ఏం చెయ్యమంటావు?

నీ
అళగు


కోవిల్‌పట్టి,
22-2-1931

తమ్ముడు అళగుకు,

అక్క దీవించి రాయడం. తెలుగు రాసి చాలా ఏళ్లయింది. అక్షరాలు తప్పిపోతే సర్దుకుని చదువు.

నీ మొదటి ఉత్తరం ఎక్కడ ఆగిపోయిందో, ఆదివారం దాటాకే నాకు అందింది. చదివి అన్నం ముట్టలేదు. నువ్వు చంపావో, చచ్చావో తెలియక నాలుగు రోజులు గోడకు ఆనుకుని కూర్చున్నాను. రెండో ఉత్తరం వచ్చాక లేచాను.

నువ్వు ఒక అబద్ధం ఒప్పుకున్నావు. నేనూ ఒకటి ఒప్పుకోవాలి. ఈ పదిహేనేళ్లూ నేను నిన్ను అసహ్యించుకున్నాను. నొప్పి తెలియకుండా పోయాడని నువ్వు చెప్పినప్పుడు నా ముఖం చూడలేదు. అప్పుడే అనుకున్నాను, వీడు ఆయన్ని అక్కడ వదిలేసి ప్రాణం కాపాడుకుని వచ్చాడని. పండక్కి వస్తే పెట్టాను, బట్టలిస్తే కట్టుకున్నాను. ఒక్కసారైనా నీ పక్కన కూర్చున్నానా? గుర్తు చేసుకో. నువ్వు తాకిన చెంబును రెండుసార్లు తోమేదాన్ని.

నిన్న మా అత్త వేలమ్మాళ్‌కు మొత్తం చదివి వినిపించాను. కళ్లు కనిపించవు కానీ చెవులు బాగానే ఉన్నాయి. కొడుకు పేగులు దగ్గరికి వచ్చినప్పుడు ఆపేశాను. "నిలపొద్దు, సదువు" అంది. చివరిదాకా విని అడిగింది.

"ఎవురు కాల్చింది?"

"వాళ్ల దొరే అత్తా."

"అప్పుడు అళగు ఏం జేస్తా ఉన్నాడు?"

"మోస్తా ఉన్నాడు. వీపు మీద."

ఆమె ఉత్తరాన్ని చేతిలోకి తీసుకుని తడిమింది. తర్వాత, "నా బిడ్డ ఒంటిగా పోలేదు" అంది. ఉత్తరం తిరిగి ఇస్తూ, "వాడు జైలుకి పోతే సోరు నువ్వే వొండి ఎత్తకపో. ఇంకొకరి చేతికి ఇయ్యొద్దు" అంది.

ఆ కాగితం మీద చెయ్యి పెట్టవద్దు అళగా. నువ్వు చేసింది చేశానని చెప్పు. ఆ ఇద్దరు తురకలను పొడిచింది కూడా చెప్పు, దాచవద్దు. మెర్టన్ చేసింది కూడా చెప్పు. నమ్మితే నమ్ముతారు, లేకపోతే లేదు. ఆ కోర్టులో గురుసామి ఎవరు అని ఎవరైనా అడిగితే, నా మొగుడని చెప్పడానికి నేను లేచి నిలబడతాను. పదేళ్లంటే నాకూ భయమే. కానీ పదిహేనేళ్లు మనం అబద్ధంలో ఉన్నాం కదా, అంతకన్నా ఎక్కువేం కాదు.

మంగళవారం పొద్దుటి రైలుకు వస్తున్నాను. బుధవారం ఇన్‌స్పెక్టరు వచ్చేటప్పటికి నీ మంచం పక్కనే కూర్చుని ఉంటాను.

నువ్వు ఆయన్ని మోశావు తమ్ముడా. అది నాకు పదిహేనేళ్ల కిందటే చెప్పి ఉండాల్సింది.

నీ అక్క,
చెల్లమ్మాళ్