డ్రైవరు సీటు హక్కు

విశాఖపట్నం, దువ్వాడ కాపురస్తుడు, స్టీలు ప్లాంటులో చేసి రిటైరైన మల్లిపూడి గురునాథరావు అనే నేను, డెబ్బై ఒకటో ఏట, ఒంట్లో షుగరున్నా బుద్ధి సరిగ్గానే ఉండగా, ఎవరి బలవంతమూ లేకుండా రాయించిన వీలునామా ఇది. బలవంతం లేదు గానీ, సిగ్గు మాత్రం చాలా ఉంది. దీన్ని అమలు చేయాల్సింది నా కొడుకు జయంత్.

1. దువ్వాడ ఇల్లు నా భార్య కనకరత్నానికి, ఆమె తదనంతరం జయంత్‌కి.

2. ఇంటి వెనక షెడ్డు, అందులోని పనిముట్లు, పాత మారుతి జిప్సీ జీపులు బాగుచేసి మోజున్నవాళ్లకి అమ్మే వ్యాపారం మెకానిక్ దొరబాబుకి. తుప్పు మీద రంగేసి అమ్మేద్దామని నేనన్నప్పుడల్లా వాడు నాతో మాటలు మానేసి, బండి అడుగంతా గీకి మరీ అతుకేసేవాడు.

3. నా బావమరిది సత్యం పట్టుకెళ్లిన జాకీ ఇక అతనిదే. అడిగి అడిగి విసిగిపోయాను.

4. తెల్ల జిప్సీని జయంత్ అమ్మకూడదు. అది కనకరత్నానిది. కారణం రాయక తప్పదు.

నాకు ఘాట్ రోడ్డంటే భయం. ఆ తెల్ల బండి కొన్న కొత్తలో అనంతగిరి మలుపులో లారీ ఎదురొస్తే నడిరోడ్డు మీద ఆపేశాను. బండిని ముందుకీ పోనివ్వలేదు, వెనక్కీ పోనివ్వలేదు. కనకరత్నం దిగి, ఇటు తిరిగొచ్చి, నన్ను పక్కకి జరగమంది. వాళ్ల నాన్న పోర్టు లారీ డ్రైవరు. మల్కాపురంలో చిన్నప్పుడే ఆమెకి స్టీరింగు నేర్పాడు.

ఆ తర్వాత షెడ్డులో బాగైన ప్రతి బండినీ ఘాటెక్కించి చూసింది ఆవిడే. గేరు జారుతోందనో, ముందు చక్రం లాగుతోందనో ఆవిడ చెప్పేది. అవే మాటలు నేను కొనేవాళ్ల ముందు నావిగా చెప్పేవాణ్ణి. తిరిగొచ్చేటప్పుడు శృంగవరపుకోట ఇంకా రాకముందే బండాపి సీట్లు మారేవాళ్లం. మొదట్లో నేను అడిగేవాణ్ణి. తర్వాత అడగక్కర్లేకుండా తనే దిగేది.

ఒకసారి కొనడానికొచ్చిన కుర్రాడొకడు, ఈయన ఘాట్‌లో తోలుతుంటే పక్కన కూర్చోడానికి భయమేయదా అని ఆవిణ్ణి అడిగాడు. టీ గ్లాసు చేతికిచ్చి, "ఏటి బయ్యం బాబూ, అలవాటైపోనాది" అంది. నేను నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ తల ఎత్తలేను.

5. ఘాట్ డ్రైవింగుకని జిప్సీ ఓనర్ల సంఘం వాళ్లు నాకిచ్చిన షీల్డు మీద నా పేరు చెరిపించి, ఆవిడ పేరు చెక్కించాలి. ఆ ఖర్చు నాది.

6. ఇదంతా సంఘం వాళ్లందరి ముందు జయంత్ పైకి చదవాలని మొదట రాయించాను. చచ్చాక అయితే వాళ్ల మొహాలు చూడక్కర్లేదు కదా అనుకున్నాను. నిన్న ధైర్యం తెచ్చుకుని చిత్తుప్రతి కనకరత్నానికి చదివి వినిపించాను. ఆవిడ బియ్యంలో రాళ్లేరుతూ అంతా విని, "ఇప్పుడు సెప్తే ఎవులు నమ్ముతారండీ" అంది. కోపంగా అనలేదు.

అందుకని ఈ క్లాజు మార్చాను. ఆదివారం నీలం జిప్సీ చూడ్డానికి రాజమండ్రి నుంచి మనుషులొస్తున్నారు. వాళ్లని ఘాటెక్కించేది కనకరత్నం. నేను వెనక సీట్లో కూర్చుంటాను. ఈసారి సీట్లు మారకుండా అలాగే ఊళ్లోకి వస్తాం. ఆదివారం దాటాక కూడా నేను బతికే ఉండి ఆ పని చేయకపోతే, జయంత్ నన్ను క్షమించనక్కర్లేదు.

2025 నవంబరు 12, బుధవారం, దువ్వాడ.

(సంతకం) మల్లిపూడి గురునాథరావు

సాక్షులు:
శ్రీరామ్మూర్తి, పక్కింటివారు
సన్యాసిరాజు, స్టీలు ప్లాంటు రిటైరు ఉద్యోగి