కుందేలుకి అరువిచ్చిన చొక్కా

చెల్లెమ్మకి,

నీ మోకాలి నొప్పి తగ్గిందా? మరిదిగారి దగ్గు, కోడలి నడుము ఎలా ఉన్నాయి? ఇక్కడ మీ బావ పెంచిన కుందేలుకి తప్ప అందరికీ బాగానే ఉంది.

ఆయన పోయిన దగ్గర్నుంచి అది మూలకి తిరిగి కూర్చుని బొచ్చు పీక్కుంటోంది. మొన్నటినుంచి మేత కూడా మానేసింది. పశువుల డాక్టరు చూసి, "బెంగ పెట్టుకుందమ్మా. మేత ఆగితే కుందేలుకి పేగులు కదలవు, ప్రాణం మీదికొస్తుంది" అన్నాడు. నేను నాలుగు రోజులు తినకపోతే మన డాక్టరు గ్యాసన్నాడు.

ఆయన వాసన ఉన్న గుడ్డ పక్కన వేస్తే కుదుటపడుతుందట. ఉతకని చొక్కా ఒక్కటే ఉంది, నా దిండు కింద. అబ్బాయి బీరువా అంతా వెతికాడు, నేను నోరు విప్పలేదు. ఆయన ఉన్నన్నాళ్ళూ ఒళ్ళో అదే కూర్చుంది, ఇప్పుడు చొక్కా కూడా దానికేనా?

కానీ చచ్చిపోతుందేమోనని రాత్రంతా లేచి లేచి చూశాను. ఈ పొద్దున చొక్కా దాని పక్కన వేశాను. అందులో మొహం పెట్టి పడుకుంది, కాసేపటికి నాలుగు గడ్డిపోచలు తింది. చూడలేక వంటింట్లోకి వచ్చేశాను.

ఆయన మీ ఇంట్లో మర్చిపోయిన స్వెటర్ ఉతక్కుండా తీసుకురా. సంచిలో సబ్బుతో కలిపి పెట్టకు. అది దానికిచ్చి నా చొక్కా నేను తీసుకుంటాను. ఆదివారం వస్తానన్నావు, శనివారమే రా.

అక్క