పెనుకొండలో ఆరబెట్టిన మంచు

3 జులై 2025, గురువారం

పదో తరగతి పరీక్షల తర్వాత ఇంతసేపు పెన్ను పట్టింది లేదు. మా ఇలవేల్పు చౌడేశ్వరమ్మ నాకు చేసిన మేలు తేదీతో సహా రాసిపెట్టుకోవాలని ఈరోజు పట్టాను.

నెల రోజులుగా ప్రతి గురువారం హిందూపురం నుంచి బస్సులో పెనుకొండ పోయి ఉమాదేవి దగ్గర ఆయిల్ పెయింటింగ్ నేర్చుకుంటున్నాను. నాతో చదువుకున్న మనిషి. మంచు కురిసిన ఊరి ఫోటో ఒకటి ఇచ్చి, చూసి వేయమంది. మంచు నేనెక్కడ చూశాను? పోయిన వారం ఇళ్ల కప్పుల మీద వేస్తే సున్నం ముద్దల్లా వచ్చింది. రంగు పచ్చిగా ఉంటే బస్సులో తేలేను కాబట్టి ఎప్పటిలాగే అక్కడే వదిలి వచ్చాను. వారమంతా దీపం పెట్టి, నా చేతికి పని రానీ తల్లీ అని వేడుకున్నాను.

ఈరోజు పోయి చూస్తే కప్పుల మీద మెత్తటి మంచు. నీడల్లో లేత నీలం. ఆరితే ఇంత మారుతుందా అన్నాను. ఉమ నవ్వింది. అమ్మవారే నా చెయ్యి పట్టుకుని వేయించిందన్నాను. నాతో పాటు నేర్చుకునే పుష్ప తల వంచుకుంది. భక్తి అనుకున్నాను.

11 జులై, శుక్రవారం

నిన్న చూస్తే చెట్ల మీద మంచు కూడా కుదిరింది. ఈరోజు భజనలో అందరికీ చెప్పాను. మాతో పాడే పాపమ్మ కళ్లు తుడుచుకుంది. పూర్తయ్యాక బొమ్మను భజన మందిరంలో పెడతామన్నారు.

17 జులై, సాయంత్రం 5

తొమ్మిది గంటల బస్సు దొరికి, క్లాసుకు ముందే చేరాను. ఉమ నా కాన్వాస్ ముందు కూర్చుని ఉంది. నా మంచును గీకేసి తన మంచు వేస్తోంది.

ఏం చేస్తున్నావని అడిగాను. బ్రష్షు ఆపలేదు.

"అందరివీ నేనే దిద్దుతా గదే. లేకుంటే నీకు మంచు యాడనుంచి వస్తాది?"

నేను బయటికి నడిస్తే, అప్పుడే చేరిన పుష్ప నా వెనకే మెట్ల దాకా వచ్చింది.

"అక్కా, నువ్వు అమ్మవారు అనిన పొద్దే చెప్దామనుకుంటి. ఊరికే ఉండు, వినేకి బాగుండాది అనె మేడం."

అంటే నేను లేనప్పుడు నవ్వుకున్నారు. నా ముఖం మీదే నవ్వినా సరిపోయేది.

బొమ్మ తెచ్చేశాను. బస్సులో చీరంతా రంగు.

18 జులై

ఉమ వేసింది మాత్రమే తీసేద్దామని కత్తితో గీకాను. పచ్చి రంగు. ఆమెదీ నాదీ కలిసే వస్తున్నాయి. ఏది నాదో నాకే తెలియడం లేదు.

20 జులై

పూజ చేయలేదు.

25 జులై, శుక్రవారం

పాపమ్మకు సోమవారం కంటి ఆపరేషన్. భయంగా ఉందట. అమ్మవారు నీ చెయ్యి పట్టుకున్న సంగతి ఇంకోసారి చెప్పమని పక్కకు వచ్చి కూర్చుంది.

చెప్పాను. మొదటిసారి కన్నా బాగా చెప్పాను.

ఈ పేజీలు ఎవరికి దొరికినా చింపకండి. ఎవరికీ చూపకండి.