బోర్డు పై సగం

హెడ్మాస్టరు గారికి, ఆరో తరగతి లెక్కల టీచరు నమస్కరించి ఇస్తున్న సంజాయిషీ.

బోర్డు పై సగం ఎందుకు ఖాళీగా వదిలేస్తున్నానని మెమో ఇచ్చారు. నా చెయ్యి భుజం దాటి లేవదు, అందుకని. కండరాలకు వాపు జబ్బు. వాటిలో మెగ్నీషియం తగ్గిందట, శక్తి నిలవడం లేదట. “ఊరికే కూర్చున్నా నీ కండ పరుగెత్తి వచ్చినట్టే అలిసి ఉంటుందమ్మా” అన్నారు డాక్టరు.

మీరేమో స్టాఫ్ రూములో అందరి ముందూ, “ఆవిడకేం, దుక్కలా ఉంది. ఒళ్ళు వంగదు, అంతే” అన్నారు. డాక్టరు కండ ముక్క కోసి పరీక్షకు పంపి తెలుసుకున్నదాన్ని మీరు గుమ్మంలో నిలబడే తేల్చేశారు. మీకింత వైద్యం వచ్చని తెలియక ఆరు నెలలు ఆస్పత్రి చుట్టూ తిరిగాను.

సర్టిఫికెట్ అందలేదని కూడా రాశారు. రెండుసార్లు ఇచ్చాను. ఇలాంటి కాగితాలు మీ బీరువా పై అరలోనే పెట్టాలన్నది మీరు పెట్టిన రూలు. నాకు అందింది కింది అర. రెండూ అక్కడే ఉన్నాయి.

కాస్త వంగి చూడండి. వంగడం కుదరకపోతే, ఎందుకు కుదరలేదో సంజాయిషీ రాసి నా బల్ల మీద పెట్టండి. అది మీకు అందే ఎత్తులోనే ఉంటుంది.

ఇట్లు,
బోర్డు కింది సగం టీచరు