వద్దన్నకొద్దీ పేపర్లు

పొదిలి దగ్గర పల్లె,
1958 ఫిబ్రవరి.

తమ్ముడు గౌస్ బాషాకి అక్క జోహరాబీ దువా చేసి రాసేది.

ఇక్కడ అందరం కులాసా. ఒంగోల్లో నువ్వు చదివేసి బస్సులో పంపే పాత పేపర్ల కట్ట అందుతోంది. మీ బావ సాయంత్రాలు కళ్ళంలో, ఆరబోసిన మిరపకాయల పక్కన కూర్చుని పైకి చదువుతారు. 'రాగల ఇరవైనాలుగు గంటల్లో వాన' అని ఉంటే, ఆ గంటలు ఆయన చదివినప్పటి నుంచే మొదలు! మబ్బుతునక లేకపోయినా కాయలన్నీ గోనెపట్టాలతో కప్పేసి, ఆకాశానికి కాపలా కాస్తారు. ఇక వద్దురా, చాలు.

ఇట్లు,
మీ అక్క.

తా.క. నీ పాత పేపర్ల పుణ్యమా అని, ఎప్పుడో ఆగిపోయిన యుద్ధం మా కళ్ళంలో ఇంకా జరుగుతోంది.

* * *

అక్కకి సలాములు.

నీ ఉత్తరం చూసి కళ్ళు చెమ్మగిల్లాయి. పళ్ళానికి చెయ్యి అడ్డం పెట్టినా అమ్మ ఇంకో గరిటె వడ్డించేది కదా. నువ్వు 'వద్దు, చాలు' అంటే నాకు అర్థం కాదా? నా దగ్గర మొహమాటమేంటక్కా! మా ఆఫీసువాళ్ళనీ అడిగి, ఈసారి రెండు కట్టలు పంపుతున్నాను.

నీ తమ్ముడు,
గౌస్ బాషా.

తా.క. వాన కబుర్లంటే బావకిష్టమని వాటికింద ఎర్రసిరాతో గీతలు పెట్టాను.

* * *

తమ్ముడికి దువా.

నీ ఎర్రగీతలు తగలెయ్య! మండే ఎండలో పట్టాల కింద కాయ చెమ్మపట్టి తెల్లబడుతోంది. అలాంటి కాయని షావుకారు ముట్టడు. ఏడాది కష్టం. అంతకంటే మీ బావని చూస్తే భయమేసింది. అన్నం సహించదు, నిద్ర లేదు.

అందుకే 'మీ కళ్ళెర్రబడ్డాయి, నేను చదువుతా' అని పేపరు లాక్కున్నాను. ముఖానికి అడ్డం పెట్టుకుని, 'ఈ రాత్రి వెన్నెల చిక్కగా ఉండును. పిడుగురాళ్ల సున్నపుబట్టీల మీద పడి పాలు పొంగినట్టుండును. గుంటూరు స్టేషన్లో కొంగలు రైలు దిగినవి, టిక్కెట్టు అడిగినవారు లేరు' అని చదివాను. వింటూ వింటూ చిన్నపిల్లాడిలా నిద్రపోయారు. పట్టాలన్నీ నేనే తీసేశాను. నిజంగా మబ్బేస్తే మాకూ కళ్ళున్నాయి, చూసి కప్పుకుంటాం.

ఇకనైనా కట్టలు ఆపు. ఇది మొహమాటం కాదు, ఒట్టు.

మీ అక్క.

తా.క. ఈ కవరు ఆయనకే ఇచ్చి పోస్టు చేయిస్తున్నాను. మెతుకులతో గట్టిగా అంటించానులే.

* * *

బావమరిది గౌస్ బాషాకి పీరు రాసేది.

మీ అక్క అంటించిన మెతుకులు దారిలోనే ఊడాయి. చదివాను. కొంగల సంగతి నాకు మర్నాడే తెలిసిపోయింది. ఆ పేపరు నేనూ తిరగేశాను, అందులో కొంగల్లేవు, వెన్నెలా లేదు, అన్నీ నీ గీతలే. అయినా సాయంత్రమైతే ఆవిడ గొంతు కోసం కాచుక్కూచుంటున్నాను. ఇన్నేళ్ళలో నాతో ఇంతసేపు మాట్లాడింది లేదు. హాయిగా నిద్రపడుతోంది. మిగతా కాయ గలగలా ఎండుతోంది.

ఉంటాను,
మీ బావ.

తా.క. కట్టలు మాత్రం ఆపకు. పేపరు అడ్డం లేకపోతే మీ అక్కకి అబద్ధం చెప్పడం రాదు.